బాకీ పద్దు ఎవరు చెప్పగా వ్రాసినది?

1976లో పార్లమెంటు ఆమోదించిన ఒక చట్టానికి తెలుగులో 'వెట్టిచాకిరి నిర్మూలన చట్టం' అనే పేరు స్థిరపడింది. తెలంగాణలో అక్షరం రానివారికి సైతం వెంటనే అర్థమయ్యే పేరు. అయితే అనువాదంగా పరిశీలిస్తే ఇది సరిపోయే పేరు కాదు. ఇంగ్లీషు మూలంలోని మాట అప్పుపత్రానికి కట్టుబడిన శ్రమను చెబుతుంది. వెట్టిలో అప్పు లేదు. గడి నుండి కబురు వస్తే చాకలి, కుమ్మరి, మాదిగ తమ పని మాని పోవలసిందే. కూలి అడగరాదు, పద్దు ఉండదు. అప్పుకు కట్టుబడిన చాకిరికి హైదరాబాదు సంస్థానంలో వేరే పేరు ఉండేది. దానిని భగేలా అనేవారు. బిడ్డ పెండ్లికో, తండ్రి చావుకో తెచ్చిన పైకం తీరేవరకు ఆసామి ఇంట జీతం ఉండడం, తీరకపోతే కొడుకును ఉంచడం భగేలా. నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాలకు ప్రత్యేకంగా నిబంధనలు చేసిందంటే, ఈ రెండూ ఒకటి కావని ఆనాటి దఫ్తరులకు తెలుసునన్నమాట. 1976 చట్టం కూడా తన నిర్వచనాలలో దేశమంతటి వాడుక పేర్లను వరుసగా పేర్కొంటూ భగేలాను, జీతాను, పాలేరును, వెట్టిని వేర్వేరుగా చెప్పింది. తెలుగు పేరు ఈ నాలుగింటిలో ఒకదానిని ఉంచుకొని మూడింటిని వదిలివేసింది.

ఇది పదాల పట్టింపు మాత్రమేనని కొందరు అనవచ్చు. కాని తనిఖీకి వచ్చిన అధికారి వెట్టిని వెతికితే అతడు అడిగే ప్రశ్న ఒక్కటే: కూలి ఇస్తున్నారా? ఇస్తున్నామని యజమాని అంటాడు, అది అబద్ధం కూడా కాకపోవచ్చు. భగేలాను వెతికేవాడు అడగవలసిన ప్రశ్న వేరు: ఇతడు ఇక్కడికి రాకముందు ఎవరు, ఎంత పైకం ఇచ్చారు? అది తీరకుండా ఇతడు వెళ్ళిపోగలడా? ఈ రెండవ ప్రశ్న తెలుగు పేరులోనే లేకుండా పోయింది.

ఇందుకు చట్టాన్ని తెలుగు చేసినవారిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. వెట్టి అనే మాటకు అంతటి బలమిచ్చినది సాహిత్యం, ఆ తరువాత సినిమా. ఉర్దూ రచయిత కృష్ణచందర్ 'జబ్ ఖేత్ జాగే'లో ఉరిశిక్షకు ఎదురుచూస్తున్న రైతుబిడ్డ తన జీవితాన్ని తలచుకుంటాడు. ఆ కథనే ఆధారంగా తీసుకొని గౌతమ్ ఘోష్ 1979లో 'మా భూమి' తీశాడు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' గడి లోపలి జీవితాన్ని, ఆడబాపల దుస్థితిని చూపింది. అయితే పాఠకుడు ఆ గడిలోకి అడుగుపెట్టేది బయటినుండి బ్రతుకుతెరువుకు వచ్చిన సంగీతకారుడు సారంగపాణి వెంట. వీటన్నిటిలో శిల్పరీత్యా మిన్నయైనది బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి'. 1920ల నాటి గడిలో కమలాక్షి అనే దాసి దినచర్య తప్ప అందులో కథ అంటూ పెద్దగా లేదు. నీళ్ళు తోడడం, ఊడ్వడం, దొర పిలిస్తే పోవడం, గర్భం వస్తే తీయించుకోవడం - అంతే. కమలాక్షి మాట్లాడేది బహు తక్కువ. ఆ పాత్ర వేసిన అర్చనకు జాతీయ పురస్కారం రావడం సముచితమే.

కాని ఈ రచనలన్నిటా ఒక పోలిక ఉంది. దొర, దాసి ఒకే కప్పు క్రింద ఉంటారు. బాధించేవాడి ముఖం బాధపడేవాడికి తెలుసు, ప్రేక్షకుడికీ తెలుసు. నాలుగు దశాబ్దాల సాహిత్యం మనకు బానిసత్వం అంటే ఈ దృశ్యాన్నే అలవాటు చేసింది. గడి కూలితే బానిసత్వం కూలినట్లే అనిపించింది. పాలమూరు వలసపై పాటలు, కవితలు చాలానే వచ్చాయి. వాటిలో కరవు కనిపించినంతగా మేస్త్రీ పద్దు పుస్తకం కనిపించదు. దేశంలోని ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి తవ్విన పాలమూరు గుంపులు ఇల్లు కదిలేముందే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాయి. తిండి ఖర్చు, దారి ఖర్చు, రోగమొచ్చి పడుకున్న దినాలు అందులోనే ఎక్కాయి. వ్రాసినవాడు మేస్త్రీ. కూలివాడు వేలిముద్ర వేశాడు.

ఈ వరుస ఇప్పుడు మరింత పొడవైంది. హైదరాబాదు నుండి విజయవాడ రహదారిపై యాభై కిలోమీటర్ల దూరాన ఉన్న చౌటుప్పల్ దీనికి మంచి ఉదాహరణ. ఒక ప్రక్క కొయ్యలగూడెం, పుట్టపాక, పోచంపల్లి వంటి నేతగ్రామాలు, మరొక ప్రక్క మందుల, రసాయనాల కర్మాగారాలు. 1951లో వినోబా భూదానం ఆరంభించిన పోచంపల్లి ఇక్కడికి దగ్గరే. నేతగ్రామాలలో నూలు, డిజైను, కొంత పైకం షావుకారు ఇస్తాడు. నేతగాడు పడుగు లెక్కన కూలి తీసుకుంటాడు. ఇట్టి అడ్వాన్సు ప్రతిదీ బానిసత్వమనడం అతిశయోక్తి, అన్యాయం కూడా. వర్షాకాలంలో మగ్గం గుంటలోకి నీరు చేరినప్పుడు ఆ పైకమే ఇంటిని నిలబెడుతుంది. ఆ బాకీ తీరనిదే మరొకరికి నేయరాదన్న షరతు, ఆ బాకీ పేరు చెప్పి పడుగుకు కూలి తగ్గించడం - ఈ రెండూ చేరిననాడు అది భగేలా అవుతుంది. చూడవలసినది పైకాన్ని కాదు, దానికి కట్టిన షరతును.

ఇటుక బట్టీల సంగతి ఇంతకంటె కఠినమైనది. ఒడిశాలోని బలాంగీర్, నువాపడా వంటి జిల్లాల నుండి వర్షాలు వెళ్ళాక కుటుంబాలు తెలంగాణ బట్టీలకు వస్తాయి. నువాఖాయి పండుగ నాటికే సర్దార్ పైకం పంచి ఉంటాడు. భర్త, భార్య, ఒక బిడ్డ కలిసి ఒక జట్టుగా లెక్క. జట్టుకు అడ్వాన్సు, వెయ్యి ఇటుకలకు ఇంత అని రేటు. బిడ్డ పేరు ఏ కాగితంలోనూ ఉండదు, బిడ్డ చేసిన ఇటుక మాత్రం లెక్కలో ఉంటుంది. 2013 డిసెంబరులో కలహండి జిల్లాకు చెందిన ఇద్దరు కూలీల చేతులను ఈ అడ్వాన్సు తగాదాలోనే దళారులు నరికివేశారు. చౌటుప్పల్‌ను కూడా కలుపుకొని 2016లో ఏర్పడిన రాచకొండ పోలీసు కమిషనరేట్ యాదాద్రి ప్రాంతపు బట్టీలనుండి ఒడిశా పిల్లలను విడిపించింది. బట్టీల వద్ద ఒడియాలో చదువు చెప్పే బడులు కూడా వెలిశాయి. విడిపించిన కమిషనరుకు 2017లో అమెరికా విదేశాంగశాఖ గౌరవం దక్కింది. తల్లిదండ్రుల బాకీ పుస్తకాల గురించి మాత్రం అంతగా చర్చ జరగలేదు.

గద్వాల ప్రాంతపు పత్తివిత్తనాల ఉదంతం అందరికంటె బాగా విప్పిచెప్పబడినది. సంకరవిత్తనానికి సాయంకాలం మొగ్గలోని పురుషభాగాన్ని చేతితో తీసివేసి, మరునాటి ఉదయం పుప్పొడి అద్దాలి. ఒక్కొక్క పువ్వుకూ ఇదే పని. ఆడపిల్లలను, తల్లిదండ్రులకు అడ్వాన్సిచ్చి, ఇందుకు తెచ్చుకునేవారు. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ఈ పొలాలపై దావులూరి వెంకటేశ్వర్లు 2003లో వెలువరించిన అధ్యయనం పిల్ల నుండి రైతుకు, రైతు నుండి ఆర్గనైజరుకు, అతడి నుండి విత్తన కంపెనీకి, కొన్నింటి విషయంలో విదేశీ మాతృసంస్థకు దారి గీసి చూపింది. కంపెనీ ఇచ్చే కొనుగోలు ధరలో పెద్దవారికి కూలి ఇచ్చే వీలే లేదన్నది దాని సారం. దొర ముఖం కనిపించని గడి ఎలా ఉంటుందో ఏ నవలా చెప్పనంత స్పష్టంగా ఆ నివేదిక చెప్పింది. భాష పొడిగా ఉంది, పట్టికలు ఎక్కువ. అయినా విమర్శకుడు దానిని సాహిత్యం సరసన పెట్టి చదవవలసిందే.

ఇక ఈ వరుసకు అవతలి కొసన పుడుతున్న రచనను చూద్దాం. బ్రిటన్ 2015లో ఆధునిక బానిసత్వంపై చేసిన చట్టంలోని 54వ సెక్షన్ ప్రకారం సంవత్సరానికి మూడు కోట్ల అరవై లక్షల పౌండ్లకు తక్కువ కాని వ్యాపారమున్న సంస్థ, తన సరఫరా గొలుసులో బానిసత్వం లేకుండా ఏం చేసిందో ప్రకటించాలి. ఉద్దేశం మంచిదే. అయితే ఏ చర్యా తీసుకోలేదని ప్రకటించినా సెక్షన్ తృప్తిపడుతుంది! ఈ ప్రకటనలను ఒక రచనాప్రక్రియగా చదివితే వాటి వ్యాకరణం విచిత్రంగా తోస్తుంది. 'మేము సహించము', 'మేము ఆశిస్తాము', 'మా సరఫరాదారులు హామీ ఇచ్చారు' - కర్త ఎప్పుడూ కొనేవాడే. శ్రమించేవాడు వాక్యంలో కర్మగా తప్ప రాడు. దేశ్‌ముఖ్ దగ్గరి భగేలా కాగితం, మేస్త్రీ పుస్తకం, కంపెనీ ప్రకటన - కాలాలు వేరు, భాషలు వేరు, మూడింటినీ చెప్పి వ్రాయించినది మాత్రం బలవంతుడే.

ఇక్కడ దివ్యఖుర్ఆన్‌లోని అల్‌బఖర సూరా 282వ ఆయత్‌ను గుర్తుచేసుకోవలసి ఉంది. గ్రంథంలోకెల్లా పొడవైన ఆ ఆయత్ అప్పును వ్రాయడం గురించినది. వ్రాయాలన్న ఆదేశం అందరికీ తెలుసు. అందరూ దాటిపోయే అంశం మరొకటి ఉంది. లేఖకుడు న్యాయంగా వ్రాయాలి, అతడికి చెప్పి వ్రాయించవలసినవాడు అప్పు ఇచ్చినవాడు కాదు, బాకీ ఉన్నవాడు. అతడు బలహీనుడో, చెప్పలేనివాడో అయితే అతడి సంరక్షకుడు చెప్పాలి. పలుకు బాకీదారుది. ఈ నియమాన్ని తలక్రిందులు చేస్తే వచ్చేదే మేస్త్రీ పుస్తకం.

ఫిఖహ్‌లో ఇంకొక నియమం ఉంది. అప్పును, అమ్మకాన్ని ఒకే ఒప్పందంలో ముడివేయరాదని హదీసు. కూలికి పెట్టుకోవడమంటే శ్రమ ప్రయోజనాన్ని కొనడమే గనుక ఫఖీహులు దీనిని ఇజారాకు కూడా వర్తింపజేశారు. అప్పు ఇచ్చానన్న కారణంగా తక్కువ కూలికి పని చేయించుకుంటే ఆ తగ్గింపు వడ్డీయే. బుఖారీలోని ఒక హదీసులో స్వతంత్రుణ్ణి అమ్మి సొమ్ము తిన్నవాడు, పని చేయించుకుని కూలి ఎగవేసినవాడు ప్రళయదినాన దేవుడే ప్రతివాదిగా నిలిచే ముగ్గురిలో ఇద్దరు. ఇంత సామగ్రి ఉండగా, బానిసవిముక్తి అధ్యాయాలు వచ్చినప్పుడు ఈ రోజుల్లో బానిసలు లేరు గనుక అంటూ పుటలు తిప్పివేయడం మద్రసాలలో వాడుకగా మారింది. ఆ ఫిఖహ్ గ్రంథాలే శతాబ్దాలపాటు బానిసల క్రయవిక్రయాలకు నియమాలు చెప్పాయన్నది కూడా దాచవలసిన విషయం కాదు. గడి దొరలలో ఎక్కువమంది ముస్లిములు కాకపోయినా, వారి అధికారంపై పడిన ముద్ర ముస్లిం ప్రభువుదే. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీ గాజుల కార్ఖానాల నుండి రెండు వందలమందికి పైగా బీహారు పిల్లలను పోలీసులు విడిపించారు. ఆ గాజులు రంజాన్ బజారులో కొన్నవారెవరో చెప్పనక్కరలేదు.

జకాత్ సొమ్ముతో ఇట్టివారి బాకీ తీర్చి విడిపించరాదా అన్న ప్రశ్న తరచు వస్తుంది. ప్రశ్నలో దయ ఉంది గాని లెక్క తప్పింది. 1976 చట్టం ప్రకారం అట్టి బాకీ చెల్లనే చెల్లదు. లేని బాకీకి జకాత్ చెల్లిస్తే అది చేరేది సర్దార్ జేబుకే, వచ్చే పండుగకు మరో జట్టుకు అడ్వాన్సుగా. విడుదలైన కుటుంబం ఇల్లు చేరి మరుసటి పంటదాకా బ్రతకడానికి ఇచ్చేదైతే అది వేరు సంగతి.

ఆ చట్టంలోనే 15వ సెక్షన్ కూడా ఉంది. ఇది కట్టుబాకీ అని కూలివాడు చెబితే, కాదని రుజువు చేయవలసిన బరువు అప్పు ఇచ్చినవాడి మీదనే ఉంటుంది. సుప్రీంకోర్టు 1983 డిసెంబరులో ఫరీదాబాదు రాతిగనుల కేసులో, బలవంతపు చాకిరి అని తేలితే వెనుక అడ్వాన్సు ఉన్నట్లే భావించాలని మరింత దూరం వెళ్ళింది. బాకీదారు పలుకుకు మొదటిస్థానం ఇచ్చిన 282వ ఆయత్‌కు ఈ సెక్షన్ ఎంత దగ్గరో తెలుగులో ఇంతవరకు ఎవరూ చర్చించినట్లు లేదు. చౌటుప్పల్ నుండి విదేశానికి సరుకు పంపే కర్మాగారానికి వచ్చే ప్రశ్నావళిలో కూలీలకు గుర్తింపు కార్డులున్నవా, మరుగుదొడ్లున్నవా అని అడుగుతారు. బలాంగీర్‌లోనో, గయలోనో బండి ఎక్కేముందు పైకం ఇచ్చినవారెవరు, అది ఇప్పుడు ఎంత మిగిలింది అన్నది కూలివాడి నోట, అతడి భాషలో చెప్పించి వ్రాసుకొనేందుకు ఆ ప్రశ్నావళిలో గడి లేదు.