రిజిస్టరు పట్టుకొచ్చే నర్సమ్మ

మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉంది. ఒకప్పటి క్షయ శానటోరియం స్థలంలో కట్టారు. 2015లో శంకుస్థాపన, 2019లో ఓపీ, 2024 ఫిబ్రవరిలో ప్రధాని చేతుల మీదుగా జాతికి అంకితం. ఆటో ఎక్కితే చేరే దూరమే. అయినా మా యానాది, ఎరుకల కాలనీల్లో జ్వరం వచ్చిన మొదటి రోజు ఎవరూ ఎయిమ్స్‌కి బయలుదేరరు. ముందు కనబడేది, కనబడవలసింది, భుజాన సంచి వేసుకొని వచ్చే ఏఎన్ఎం. అందుకే పెద్దాసుపత్రి సంగతి పక్కన పెట్టి ఆమె గురించి, ఆమె చేత చెప్పిస్తున్న మాటల గురించి రాస్తున్నాం.

మేము బడి పంతుళ్ళం. బొమ్మ చూపించి పాఠం చెప్పడం మా పని. కాబట్టి ఆరోగ్య కేంద్రాల గోడల మీద అంటించిన బొమ్మలను కూడా పాఠాలుగానే చదివాం. ఇస్త్రీ చీర కట్టుకున్న తల్లి, ఒళ్ళో బొద్దుగా బిడ్డ, వెనక కుళాయి, గ్యాసు పొయ్యి, పక్కన నవ్వుతూ భర్త. బిడ్డకు ఆరు నెలలదాకా తల్లిపాలే ఇవ్వమంటుంది బొమ్మ. మాటలో తప్పేమీ లేదు. ఆ తల్లి ఎవరన్నదే మా ప్రశ్న. గుంటూరు సీమలో మిరపకోతలు మొదలైతే తెల్లవారకముందే ఆటో ఎక్కి పోయే ఆడమనిషి ఆ గోడమీద ఎక్కడా లేదు. మొహానికి గుడ్డ కట్టుకొని, వేళ్ళు మండుతుంటే కాయ కోసి, ఆ చేతులతో బిడ్డను ఎత్తుకోవడానికి భయపడే తల్లి లేదు. ఆమె కోతకు పోతే బిడ్డను చూసేది ఎనిమిదేళ్ళ అక్క. ఆ అక్క మా హాజరు పట్టీలో వరసగా గైర్హాజరు. నర్సమ్మ కార్డులో ఖాళీ గడి, మా పట్టీలో గైర్హాజరు, రెండూ ఒకే ఇంటివి. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసిన అధికారి మాకింకా తగల్లేదు.

ఒకసారి మా ఎదుటే జరిగింది. తల్లీబిడ్డల కార్డులో బరువు గీత ఆకుపచ్చ నుంచి పసుపులోకి దిగిందని నర్సమ్మ ఆ తల్లిని గట్టిగా మందలించింది. "నీకెన్నిసార్లు చెప్పాలమ్మా?" అంది. "పనికి పోకపోతే ఎట్టా నర్సమ్మా?" అంది తల్లి. ఆ రెండో మాట ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. నర్సింగ్ చదువులో సామాజిక ఆరోగ్య నర్సు అంటే సేవ చేసేది, బోధించేది, సలహా ఇచ్చేది, రోగి తరఫున మాట్లాడేది అని నేర్పుతారు. ఆ వరసలో మాకు అందుతున్నది బోధన ఒక్కటే. రోగి తరఫున మాట్లాడడం పరీక్ష రాసిన రోజే ఆగిపోయినట్టుంది.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పక తప్పదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఎరుకలవాళ్ళను స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టి పేరు పిలిచి హాజరు వేసుకున్నారు. 1952లో గాని దేశమంతటా ఆ చట్టం పోలేదు. అంటే మా తాతల కాలం మాటే. యూనిఫాం వేసుకొని, రిజిస్టరు పట్టుకొని, ఇంటింటికీ వచ్చి "ఎంతమంది ఉన్నారు, ఒకడు తక్కువున్నాడేం?" అని అడిగే మనిషిని చూస్తే మా ముసలమ్మలు ఇప్పటికీ ఎందుకు లోపలికి పోతారో నర్సమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆమె దాన్ని అవగాహన లేకపోవడం అనుకుంటుంది. నిజానికది బాగా గుర్తున్న అవగాహనే.

తప్పంతా ఆమె మీద వేయడం మా ఉద్దేశం కాదు. మైదానంలో ఐదు వేల జనాభాకు ఒక ఉపకేంద్రం, గిరిజన ప్రాంతంలోనూ కొండ ప్రాంతంలోనూ మూడు వేలకు ఒకటి అని లెక్క. ఆ లెక్కలో గిరిజనమన్నది నేలే, మనిషి కాదు. మంగళగిరి చుట్టుపక్కల చెదిరి ఉన్న మేము మైదానం లెక్కలో పడ్డాం. కాలువగట్టు మీద పది గుడిసెలుంటే అవి ఐదు వేలలో పది గుడిసెలే. పగలంతా తిరిగి, టీకాలు వేసి, సాయంత్రం ఫోనులో యాప్‌లు నింపే నర్సమ్మకు ఆ గట్టు చివరిదాకా నడవడానికి టైము ఎక్కడిది? పైనుంచి అడిగేది ఎన్ని ఇళ్ళు తిరిగావని. ఎంతసేపు కూర్చున్నావని ఎవరూ అడగరు.

కూర్చుంటేనే తెలిసేవి ఉన్నాయి. వరి పొలాల్లో బొరియలు తవ్వి, పొగ ఊది ఎలుకలు పట్టే యానాదికి జ్వరమూ కండరాల నొప్పులూ వస్తే అది ఎలుక జ్వరం కావచ్చు. ఎలుక మూత్రం కలిసిన నీరు కాలి పగుళ్ళలోంచి లోపలికి పోయి వస్తుంది. తొందరగా పట్టుకుంటే మందులకు లొంగుతుంది, ఆలస్యమైతే కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి. "ఏం పని చేస్తావయ్యా?" అన్న ఒక్క ప్రశ్నతో నర్సమ్మకు అనుమానం రావాలి. గోడబొమ్మలో చేతులు కడుక్కోమని ఉంటుంది గానీ ఈ ప్రశ్న ఉండదు. క్షయ సంగతీ అంతే. మందు వాడుతున్నవాళ్ళకు తిండి కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చారు, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. మంచి పథకం. డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆధార్ లేక ఖాతా తెరవలేని యానాదికి అది వినికిడి మాత్రమే. అతన్ని ఆధార్ కేంద్రానికి వెంటబెట్టుకు పోవడం కూడా రోగిసేవే అని మేమంటాం.

మా నమ్మకాలన్నీ మంచివని కూడా మేము చెప్పం. పాము కరిస్తే వేరుమందు కోసం గంటలు పోగొట్టుకున్న ఇళ్ళు మాలో ఉన్నాయి. అక్కడ నర్సమ్మ మాటే గెలవాలి. అది గెలవాలంటే మిగతా రోజుల్లో ఆమె మా మాట విని ఉండాలి.

అండమాన్‌లో శాంతి తెరెసా లక్రా అనే నర్సు ఉన్నారు. ఒరావ్ ఆదివాసీ బిడ్డ. లిటిల్ అండమాన్‌లోని డుగాంగ్ క్రీక్‌లో ఓంగీల మధ్య ఉండి, 2004 సునామీ కాలంలోనూ సేవ చేశారు. 2011లో పద్మశ్రీ ఇచ్చారు. మాకు గర్వమే. కానీ ఇలాంటి మనిషిని బడిలో చెప్పేటప్పుడు త్యాగమూర్తి అని చెప్పి ఊరుకుంటున్నాం. ఆమె వాళ్ళ మధ్య ఉన్నారన్నదే అసలు సంగతి. ఉండే వీలును ఒక్కొక్కరి గుండెధైర్యానికి వదిలేస్తే కాలువగట్టు దాకా ఎవరొస్తారు?

మా ఎరికలో ఒక నర్సమ్మ కోతల నెలల్లో పొద్దున రావడం మానేసింది. సాయంత్రం ఏడింటికి, కూలి ఆటోలు తిరిగొచ్చాక వచ్చేది. చాప మీద కూర్చొని, రిజిస్టరు సంచిలోనే ఉంచి, ముందు మంచినీళ్ళు అడిగి తాగేది. తర్వాత చేతులు ఎంత మండుతున్నాయని అడిగేది. వేళ కాని వేళ తిరుగుతోందని ఆమెకు మెమో వచ్చింది. మా పట్టీలో గైర్హాజరైన ఆ ఎనిమిదేళ్ళ పిల్ల పేరు మాకు చెప్పింది ఆమే. బిడ్డను చంకనేసుకొనే బడికి రమ్మన్నాం. ఇప్పుడు ఇద్దరూ వస్తున్నారు.