రబ్బరు తొడుగు కింద చెమ్మ

మారేడుమిల్లి ఘాట్ దిగి ఇంటికొచ్చిన మర్నాడు మా మారుతి ఓమ్ని హ్యాండ్ బ్రేక్ ఎప్పటికంటే పైదాకా లేచింది. వెనక లైనర్లు అరిగాయనుకున్నాను. 1984లో వచ్చి 2019లో తయారీ ఆగిపోయిన బండి ఇది. వెనక డ్రమ్ము బ్రేకులే. ఆదివారం పొద్దున్నే వాకిట్లో పని మొదలుపెట్టాను.

వెనక బ్రేకులు విప్పేటప్పుడు హ్యాండ్ బ్రేక్ దించి ఉంచాలి. అది లాగేది డ్రమ్ము లోపల లైనర్లు అతికి ఉండే షూలనే కాబట్టి, వేసి ఉంటే డ్రమ్ము ఊడదు. అందుకే ముందు చక్రాలకు అటూ ఇటూ కొయ్యదిమ్మలు పెట్టి, వెనక స్టాండ్ల మీద నిలబెట్టాను. ఒక్క జాకీని నమ్మి బండి కింద తల పెట్టకూడదు.

డ్రమ్ము తుప్పుతో పట్టేసింది. సుత్తితో బాదక్కర్లేదు. దాని ముఖం మీద రెండు మర కన్నాలుంటాయి. వాటిలో 8 ఎంఎం బోల్టులు పెట్టి దీన్నో చుట్టు, దాన్నో చుట్టు బిగిస్తే అదే బయటికి జరుగుతుంది. లోపలి నల్లపొడిని మాత్రం ఊదకండి, గాలి కొట్టకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడవాలి.

మొదటిసారి రెండు వైపులా ఒకేసారి విప్పేసి, ఏ స్ప్రింగు ఎక్కడిదో తెలియక రాత్రిదాకా కూర్చున్నాను. ఇప్పుడు ఎడమ పక్క బిగించేదాకా కుడి పక్క స్ప్రింగులు ముట్టుకోను. సందేహం వస్తే ఆ పక్కే నాకు పుస్తకం.

ఈసారి షూలు అరిగిన మాట నిజమే. అంతకంటే పెద్ద సంగతి షూలను తోసే వీల్ సిలిండర్ దగ్గర ఉంది. దాని రబ్బరు తొడుగు అంచు ఎత్తి చూస్తే వేలికి చెమ్మ తగిలింది. బ్రేక్ ఆయిల్ ఊరుతోంది. దాన్ని వదిలేసి కొత్త షూలు వేస్తే అవీ నూనె పీల్చి పాడవుతాయి. బ్రేకు ఒక పక్కకు లాగుతుంది. సిలిండర్ మార్చాను.

ఇక బ్రేక్ పైపులో చేరిన గాలి తీయాలి. సీలు విప్పని డాట్ 3 డబ్బా తెచ్చాను. ఈ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. ఘాట్‌లో బ్రేకులు కాగినప్పుడు ఆ తేమే ఆవిరై, పెడల్ నేలకు దిగిపోతుంది. మా ఆవిడ సీట్లో కూర్చుంది. నేను వెనక నుంచి "నొక్కు, పట్టుకో" అంటూ గాలి తీసే నిపుల్ వదులు చేసి, బిగించాకే "వదులు" అన్నాను. బుడగలు ఆగాక "ఏవండీ, గట్టిపడింది" అంది.

మీ బండి డ్రమ్ము ఎప్పుడు విప్పినా ఆ రబ్బరు తొడుగు ఎత్తి చూడండి. చెమ్మ తగిలితే సిలిండర్ మార్చేదాకా బండిని రోడ్డెక్కించకండి.