ఖద్దరు తొడిగి పోగొట్టుకున్న డిగ్రీ

రాజాం వీధుల్లో బోదకాలు మాత్రలు పంచే రోజున వినబడే మాటలు దాదాపు ఒకటే. “ఆ గూట్లో ఎట్టీసి ఎల్లమ్మా, తిన్నాక మింగుతాను” అంటుంది ముసలమ్మ. “కుదరదు పిన్నీ, మా ఎదురుగానే మింగాల” అంటుంది ఆశా కార్యకర్త. పరగడుపున మింగకూడదన్నదీ నిజమే, కళ్లెదుటే మింగించాలన్నదీ నిజమే. బేరం కాసేపు సాగి రెండు ముద్దల చద్దన్నంతో తీరుతుంది.

ఆ మాత్ర పేరు డైఇథైల్‌కార్బమజైన్, పొట్టిగా డీఈసీ. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనల నుంచే అది వచ్చింది. ఆయన లెడర్లీకి చేరిన దారిలో మాత్రం అనుకున్నది అనుకున్నట్టు జరిగింది చాలా తక్కువ.

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. మద్రాసు వైద్య కళాశాలలో చేరాక గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ గదిలోకీ ఖద్దరే తొడుక్కుని వెళ్లాడు. రాజాం పొరుగునే ఉన్న పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్ననూలు వడికి నేసే ఆ బట్టకు ఇక్కడ ఎంత మర్యాదో తెలిసిందే. మద్రాసు కళాశాల సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు మాత్రం అది ధిక్కారంగా కనబడింది. పరీక్షలు బాగానే రాసినా సుబ్బారావుకు ఎంబీబీఎస్ దక్కలేదు, తక్కువ స్థాయి ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ పట్టాతో మద్రాసు మెడికల్ సర్వీసులో చోటు దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పుకున్నాడు. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ చేయూతతో అమెరికా ఓడెక్కాడు. బోస్టన్‌లో పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తిపోశాడు. ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడి ప్రయోగశాలలన్నిటికీ పాకింది. అయినా తాను పనిచేసిన హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీకి మారాడు.

అసలు మలుపు అక్కడుంది. సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తహీనతకు పనికొచ్చేది రక్త క్యాన్సర్‌కూ పనికిరాదా అని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ సంబంధిత మందులను పిల్లలపై వాడి చూశాడు. జబ్బు తగ్గకపోగా ముదిరింది. ఇచ్చిన కొద్దీ పెరుగుతోందంటే, అడ్డుకుంటే తగ్గాలి కదా! ఆ తర్కంతో లెడర్లీ నుంచి ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్ తెప్పించారు. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. దాని దగ్గరి చుట్టమే మెథోట్రెక్సేట్. కీళ్లవాతం రోగులు నేడు వారానికోసారి వేసుకునే మాత్ర అదే. తోడుగా వేరే రోజున డాక్టరు రాసేది ఫోలిక్ ఆమ్లమే.

ఇదంతా చెప్పి, చెడిందంతా మన మంచికే అనడం తేలిక. భార్య శేషగిరితో ఆ మాట అనగలమా? తిరిగొస్తానని వెళ్లిన మనిషి రానేలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకు, న్యూయార్క్‌లో కన్నుమూశాడు. ఆయన ప్రణాళికలు తప్పినందుకు లాభపడింది ముక్కూమొహం తెలియని మనబోటి వాళ్లం. నష్టం ఆ ఇంటిది.

మళ్లీ ఆ డీఈసీ మాత్ర దగ్గరికొస్తే, ఉత్తరాంధ్ర తీరం బోదకాలుకు పాత చిరునామా. కాలు వాచనివారి రక్తంలోనూ ఆ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు ఉండొచ్చు. అవి రాత్రిపూటే నెత్తుట్లో ఎక్కువగా తిరుగుతాయి గనుక రక్త నమూనాలు రాత్రిళ్లే తీస్తారు. మాత్ర మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. మందు వికటించిందని భయపడి మరుసటేడు తలుపేసుకునేవారున్నారు. చాలాసార్లు అది ఒంట్లోని పురుగు చస్తున్న గుర్తు. జ్వరం తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడ్డవారు తప్ప మిగతా అందరూ ఈసారి మాత్రను గూట్లో పెట్టకండి, అన్నం తిని మింగండి.