తిరుగుదారి ఖర్చు

హైదరాబాద్ వదిలి చిన్న ఊరికి పోదామా అన్న మాట ఏ ఇంట్లోనైనా ముందు అద్దె దగ్గరే పుడుతుంది. మా ఇంట్లోనూ అంతే. నిజాంపేటలో మేముంటున్న మూడు పడకగదుల ఫ్లాటుకు నెలకు 28 వేలు, మెయింటెనెన్స్ 4 వేలు. ఎండాకాలం బోరు అడుగంటితే ట్యాంకర్ల డబ్బు వేరే. అంతే ఇల్లు హనుమకొండలో 13 వేలకు దొరుకుతుందని తెలిసినప్పటి నుంచి మావారూ నేనూ రాత్రి అన్నాలయ్యాక కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటున్నాం. ఇంటి పద్దుల గురించి ఈ కాలమ్‌లో చాలాకాలంగా రాస్తున్నాను. నాకు తెలిసిన పద్దుల విద్యకు ఇంతకన్నా పెద్ద పరీక్ష రాలేదు.

అద్దెల్లో తేడాను ప్రభుత్వమే ఒప్పుకుంటుంది. కేంద్రం తన ఉద్యోగుల ఇంటద్దె భత్యం కోసం ఊళ్లను ఎక్స్, వై, జడ్ అని మూడు తరగతులు చేసింది. హైదరాబాద్ ఎక్స్. వరంగల్, విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు వై. కరవు భత్యం 50 శాతానికి చేరాక ఎక్స్ నగరంలో మూల వేతనం మీద 30 శాతం, వై నగరంలో 20 శాతం ఇస్తున్నారు. మా కాగితం మీది తేడా ఇంతకన్నా ఎక్కువే.

కానీ అద్దె తగ్గిన పాళ్లలో సంసారం ఖర్చు తగ్గదు. బియ్యం, పప్పు, పెట్రోలు, ఫోను రీచార్జి, కారు వాయిదా ఎక్కడికి పోయినా అంతే. స్కూలు ఫీజు, ఆటో, పనమ్మాయి జీతం కొంత తగ్గుతాయి. పెరిగేవి కూడా ఉన్నాయి. అత్తగారి వైపు చుట్టాలంతా జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, హనుమకొండల్లోనే ఉన్నారు. ఇన్నాళ్లూ దూరం పేరు చెప్పి మానేసిన ఇరవయ్యొకటో రోజు వేడుకలు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు అన్నిటికీ ఇక వెళ్లాలి, కట్నం చదివించాలి. వెళ్లాలనే నాకూ ఉంది. పిల్లలకు మేనత్తలు ఫోనులో మొహాలుగా మిగిలిపోవడం నాకెప్పుడూ నచ్చలేదు. అయినా పద్దులో దానికొక గడి ఉండాల్సిందే.

ఇంతవరకూ చిన్న లెక్కే. చిక్కంతా విశాఖ దగ్గర వచ్చింది. మా అమ్మానాన్నలు ఎంవీపీ కాలనీలో ఉంటారు. పై పోర్షన్ ఖాళీగా ఉంది. అక్కడికి వెళ్తే అద్దె గడిలో సున్నా వేసుకోవచ్చు. “ఇంకెక్కడికో ఎందుకే, ఇక్కడికే వచ్చేయండి. పిల్లల్ని నేను చూసుకుంటాను కదా” అంటోంది అమ్మ. రుషికొండలో 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వచ్చింది, ఆ తర్వాత ఇంకా కంపెనీలు వస్తున్నాయి. మావారి పనికి అక్కడ దారి లేదనడానికి లేదు. నేను సముద్రం గాలి పీల్చి పెరిగినదాన్ని. రైతుబజారులో తెల్లారే కూరలు కొనడం, సాయంత్రం బీచ్ రోడ్డు మీద నాన్నతో నడవడం, ఇవన్నీ నా పిల్లలకు దక్కాలని ఎంత ఉందో చెప్పలేను.

అయినా హనుమకొండకే మొగ్గాం. ఊరు మారేటప్పుడు వెళ్లడానికి ఎంతవుతుందని అందరం లెక్క వేస్తాం. తిరిగి రావాల్సి వస్తే ఎంతవుతుందని వేయం. పిల్లలున్న ఇంటికి ఈ రెండో లెక్కే అసలైనదని నా గట్టి నమ్మకం. ఐటీ ఉద్యోగం ఇవాళ వారానికి రెండు రోజులు ఆఫీసుకు రమ్మంటుంది, రేపు ఐదు రోజులూ రమ్మనవచ్చు. అప్పుడు వెనక్కి రాగలమా, వస్తే ఎవరు ఏం పోగొట్టుకుంటారు?

మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ పోగొట్టుకునేది పాప. ఇప్పుడు ఏడో తరగతి, డాక్టరు చదువుతానంటోంది. ఎంబీబీఎస్‌లో కన్వీనర్ కోటా సీట్లలో కనీసం 85 శాతం స్థానికులవి. తెలంగాణలో స్థానికురాలు కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లూ ఈ రాష్ట్రంలోనే చదవాలి. 2024లో వచ్చిన జీవో 33 మీద కోర్టుల్లో కేసులు నడిచాయి, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ నాలుగేళ్ల నిబంధనను నిలబెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రధానంగా చూసేది ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ల చదువే. రాష్ట్రం విడిపోయాక పదేళ్ల పాటు ఉన్న ఉమ్మడి ప్రవేశాలు 2024 జూన్ 2తో అయిపోయాయి.

పాపను ఈ జూన్‌లో ఎనిమిదికి విశాఖలో చేర్పిస్తే అక్కడ నాలుగేళ్లు నిక్షేపంగా నిండుతాయి. మరి పదో తరగతి అయ్యేసరికి మావారిని హైదరాబాద్ రమ్మంటే? రెండేళ్లు అక్కడ, రెండేళ్లు ఇక్కడ చదివిన పిల్ల రెండు రాష్ట్రాల్లోనూ ఆ 85 శాతానికి బయటే నిలబడుతుంది. లేదా పాపను అమ్మమ్మ దగ్గర వదిలి మేం రావాలి. అందరం ఒకచోట నెమ్మదిగా బతుకుదామని ఊరు మారి, చివరికి బిడ్డను ఇంకో ఊళ్లో ఉంచడానికి నేను ఒప్పుకోను. హనుమకొండ అయితే ఏ క్లాసులో ఉండగా వెనక్కి వచ్చినా పాపకు ఈ నష్టం లేదు.

ప్రభుత్వ ఉద్యోగాల స్థానికతకు లెక్క వేరు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడు వరకు కనీసం నాలుగేళ్లు చదివిన జిల్లాను చూస్తారు. నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. పాప ఏడేళ్లూ నిజాంపేటలోనే చదివింది కాబట్టి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా పిల్ల. బాబు ఇప్పుడు రెండో తరగతి, మూడు నుంచి అక్కడ చదివితే హనుమకొండ పిల్లవాడు. అక్కాతమ్ముళ్లు చెరో జిల్లా అవుతారు. ఇందులో నష్టమేమీ కనబడలేదు గానీ, తెలిసే చేస్తున్నాం.

మావారి రాకపోకలకు కాజీపేట ఆధారం. అక్కడి నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, రైల్వే సీజన్ టికెట్ ఇచ్చేది 150 లోపే కాబట్టి అందులో పడుతుంది. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా రాయదుర్గం. ఆఫీసు రోజులు రెండూ పక్కపక్కన పెట్టుకుని, మధ్య రాత్రి తార్నాకలో మా మరిది వాళ్లింట్లో ఉండిపోతారు. ఆ రోజుల్లో ఇల్లు, పిల్లలు, మాతోనే ఉండే అత్తమ్మ అంతా నా మీదే. దీన్ని మా కాగితంలో రూపాయల కింద కాకుండా గంటల కింద రాయించాను. మిగతా రోజుల్లో పొద్దుటి వంట, పిల్లల టిఫిన్ డబ్బాలు తనవని ఆయన తన చేత్తో రాశారు.

నా జీతం కూడా ఉంది. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. హనుమకొండ చదువుల ఊరు, పని దొరకడం కష్టం కాదు. కానీ ఇచ్చేది ఇక్కడికన్నా మూడో వంతు తక్కువ, ఇన్నేళ్ల సీనియారిటీ లెక్కలోకి రాదు. ఖర్చు తగ్గిందని సంబరపడే ప్రతి ఇంట్లోనూ ఎవరి సంపాదన తగ్గిందో పక్కనే రాసి చూసుకోవాలి. ఎక్కువ ఇళ్లలో అది భార్యదే. మా ఇంట్లో మిగిలే డబ్బులో నా జీతం తగ్గినంత మేర ప్రతి నెలా నా పేరున పీపీఎఫ్ ఖాతాలో వేయాలని నేను అడిగాను, ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అది తీసేసినా నెలకు కొంత మిగులుతోంది. మిగలకపోతే వెళ్లేవాళ్లం కాదు.

అత్తమ్మను నిమ్స్‌లో కిడ్నీ డాక్టరుకు చూపిస్తుంటాం. ఆమె గురించే నేను వెనకాడాను. “నా కోసమని ఆగకుండ్రి బిడ్డా. మూడు నెలలకోపారి బండెక్కి వస్తే అయిపాయె. ఆడ నా అక్కజెల్లెండ్లున్నరు” అంది. నిజాంపేట నాలుగో అంతస్తులో ఆమెతో మాట్లాడటానికి పగలు ఎవరూ ఉండరు. డాక్టరు దూరమవుతారు, మనుషులు దగ్గరవుతారు. దీన్ని అంకెల్లోకి మార్చడానికి ప్రయత్నించలేదు, ఆమె మాటే తీసుకున్నాం.

హనుమకొండలో ఇల్లు కొనం. ఇది నేను పట్టుబట్టిన షరతు. కొత్త ఊళ్లో మొదటే కొంటే తిరుగుదారి మూసుకున్నట్టే. అద్దె ఇల్లు వెతికేటప్పుడు కూడా గోడలు చూడాలి, ఇరుగుపొరుగును అడగాలి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి ఎన్ని కాలనీలు మునిగాయో అక్కడివాళ్లకు తెలుసు. ఏ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో బ్రోకరు చెప్పడు, ఎదురింటి ఆవిడ చెబుతుంది.

అమ్మకు చెప్పాం. బాధపడింది. పాప ఇంటర్ అయ్యేదాకా పై పోర్షన్ ఎవరికైనా అద్దెకు ఇచ్చుకోమన్నాను, ఇవ్వనంది. వేసవి సెలవులు మాత్రం పిల్లలు అక్కడే గడుపుతారు. ఈలోగా ఒక పని మిగిలింది. టీసీలతో పాటు పాపకు ఒకటి నుంచి ఏడు వరకు, బాబుకు ఒకటి, రెండు తరగతులకు బోనఫైడ్ సర్టిఫికెట్లు తీసుకోవాలి. ప్రైవేటు బడులు పేర్లు మార్చుకుంటాయి, కొన్ని మూతపడతాయి. పదేళ్ల తర్వాత వచ్చి అడిగితే రిజిస్టరు ఎవరి దగ్గరుందో వెతుక్కోవాల్సి వస్తుంది. పరీక్షలు అయిన మర్నాడే వెళ్లి తెచ్చుకుంటాం.