విన్నవారే నిర్ణయించాలి

2022 వేసవిలో వరంగల్ చుట్టుపక్కల 27 గ్రామాల రైతులు రోడ్డెక్కారు. ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి సుమారు 21,500 ఎకరాలను ల్యాండ్ పూలింగ్ కింద తీసుకోవాలని కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, మన వాడుకలో కుడా, తలపెట్టడమే అందుకు కారణం. రైతు భూమి అప్పగిస్తే లేఅవుట్ వేసి, అందులో కొంత భాగాన్ని ప్లాట్లుగా తిరిగి ఇవ్వడం ఆ పథకం. ధర్నాలు, రాస్తారోకోలు ముదిరాక మే నెలలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అది రైతుల గెలుపే, సందేహం లేదు. కానీ ఆ గొడవలో జిల్లా మొత్తం పోగొట్టుకున్న చర్చ ఒకటుంది. రింగ్ రోడ్డు ఎవరి ప్రయాణం కోసం? లారీలు ఊళ్లోకి రాకుండా చూడటమే లక్ష్యమైతే దాని పక్కన ఇన్ని వేల ఎకరాలెందుకు? ఇవి ముందే తేలాల్సిన సంగతులు. అవి తేలకపోవడంతో భూమి ఇస్తారా, ఇవ్వరా అన్న ఒక్క ప్రశ్నే మిగిలింది. దానికి ఔను, కాదు తప్ప మూడో జవాబు ఉండదు.

మన దగ్గర జనం మాట అడగడం దాదాపు ఎప్పుడూ గీత గీసేశాకే మొదలవుతుంది. జాతీయ రహదారుల చట్టాన్నే తీసుకుందాం. భూసేకరణ నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 21 రోజుల గడువుంటుంది. పేపర్లో చిన్న అక్షరాలతో అచ్చయ్యే ఆ పట్టికలో సర్వే నంబరు, భూమి రకం, విస్తీర్ణం ఉంటాయి. ఈ రోడ్డు ఇటునుంచే ఎందుకు పోవాలి, పక్కన పోతే ఏమవుతుంది అన్నదానికి అందులో గడి ఉండదు. విచారణ జరిపే అధికారి అభ్యంతరాన్ని ఒప్పుకోవచ్చు, తోసిపుచ్చవచ్చు. అలైన్‌మెంట్, అంటే రోడ్డు వెళ్లే దారి, గీసింది మాత్రం ఆయన కాదు. అందుకే పరకాల, గీసుగొండ వైపు నాగ్‌పూర్–విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ హైవే కింద భూములు పోతున్న రైతులు ఏ ఆఫీసు మెట్లెక్కినా చివరికి మాట్లాడుకోవాల్సి వచ్చేది పరిహారం గురించే. రేటు పెంచమని అడగడం తప్పు కాదు. కానీ అడగడానికి రేటు ఒక్కటే మిగిల్చి, వీళ్లకు డబ్బు తప్ప మరో ధ్యాస లేదనడం అన్యాయం.

వినేది ఒకరు, నిర్ణయించేది మరొకరు అన్న ఈ చిక్కుముడిని తెలుగు నేల మీదే, అదీ బస్సుల విషయంలోనే, సుప్రీంకోర్టు ఎన్నడో విప్పింది. 1957 చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రోడ్డు రవాణా విభాగం కృష్ణా జిల్లా బస్సు రూట్లను జాతీయం చేసే స్కీము ప్రకటించింది. ప్రైవేటు బస్సుల యజమానులు అభ్యంతరాలు పెట్టారు. వాళ్ల వాదన విన్నది శాఖ కార్యదర్శి, స్కీమును ఖాయం చేసింది ముఖ్యమంత్రి. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో, 1958 నవంబరులో, జస్టిస్ కోకా సుబ్బారావు మెజారిటీ తీర్పు రాస్తూ, ఒకరు విని మరొకరు నిర్ణయిస్తే ఆ వినడం వట్టి తంతుగా మిగిలిపోతుందని తేల్చారు. ఆనాడు కోర్టుకెక్కింది యజమానులు, ప్రయాణికులు కారు. ఇప్పుడున్న 1988 మోటారు వాహనాల చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. ఇలాంటి స్కీమును ప్రకటించిన 30 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చని 100వ సెక్షన్ అంటుంది. చట్టం తలుపు తెరిచే ఉంచింది. లోపలికి వెళ్లినవాళ్ల మాట నిర్ణయం తీసుకునేవాళ్ల చెవిన పడుతుందా అన్నదే అప్పటికీ ఇప్పటికీ ప్రశ్న.

రవాణా ప్రణాళిక ఇంజినీర్ల పని, సామాన్యులకు ట్రాఫిక్ శాస్త్రం ఏం తెలుసు అనేవాళ్లున్నారు. వంతెన ఎంత బరువు మోస్తుందో జనాన్ని అడగమని ఎవరూ అనడం లేదు. ఎవరు ఎప్పుడు ఎందుకు ఎటు వెళ్తున్నారన్నది మాత్రం వెళ్లేవాళ్లకే తెలుస్తుంది. దానికిప్పుడు డేటా ఉంది కదా అని బదులు రావచ్చు. నిజమే, 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఆడవాళ్లకిచ్చే ప్రతి జీరో టికెట్టూ ఎక్కిన స్టేజీని, దిగే స్టేజీని చెబుతుంది. ఇది అమూల్యమైన సమాచారం. కానీ బస్సు రాక ఇంట్లోనే ఉండిపోయినవాళ్లకు టికెట్టు ఉండదు. ములుగు వైపు ఏదో పల్లె నుంచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి వచ్చే బాలింతను తీసుకోండి. పొద్దున్నే ఓపీ చీటీ, డాక్టరు చూశాక పరీక్షలు, రిపోర్టు చేతికొచ్చేసరికి మధ్యాహ్నం, మళ్లీ డాక్టరు దగ్గరికి. ఇదంతా అయ్యేలోపు ఊరికి వెళ్లే బస్సు పోతే షేర్ ఆటో, అదీ దొరక్కపోతే చుట్టాలిల్లు. ఈసారి రమ్మన్న తేదీకి ఆమె రాలేదంటే ఆ రాకపోవడం ఏ మిషన్‌లోనూ నమోదు కాదు. అలాగే ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో జనం కదిలేది తెల్లవారకముందే. ఆఫీసు వేళల్ని రద్దీ వేళలుగా పెట్టుకున్న సర్వేకు వాళ్లు కనిపించరు. కాజీపేట, వరంగల్ స్టేషన్ల మధ్య నియో మెట్రోకు డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) తయారైంది. ఎంత మంచి డీపీఆర్ అయినా, అడగని ప్రశ్నకు జవాబివ్వలేదు.

అందరినీ అడుగుతూ కూర్చుంటే పని సాగదన్నది ఇంకో వాదన. వరంగల్ నగరం 1970ల నాటి మాస్టర్ ప్లాన్‌తో దాదాపు యాభై ఏళ్లు నెట్టుకొచ్చింది. 2041 ప్లాన్‌కు ప్రభుత్వ ఆమోదం దక్కింది 2024 నవంబరులో. ఆ ఆలస్యాన్ని ప్రజల ఖాతాలో వేయలేం. బెంగళూరులో 2016లో స్టీల్ ఫ్లైఓవర్‌ను హడావుడిగా తలకెత్తుకున్నారు. జనం మానవహారం కట్టారు, మరుసటి ఏడాది మార్చికల్లా రద్దు చేయక తప్పలేదు. ముందు అడిగితే నెలలు పడుతుందేమో గానీ, అడగకపోతే పథకమే పోతోంది.

నాకు బలంగా తోచే అభ్యంతరం వేరే. సభ పెడితే వచ్చేది ఎవరు? మైకు అందుకునేది రాజకీయ నాయకులు, రియల్టర్లు. కూలికి పోయేవాళ్లు రారు, ఆడవాళ్లు వచ్చినా వెనక వరసలో కూర్చుంటారు. ఇది కాదనలేని నిజం. కానీ తలుపులు మూసి గీసిన గీత వల్ల లాభపడేదీ ఆ మైకు అందుకునేవాళ్లే. అలైన్‌మెంట్ రహస్యంగా ఉన్నంత కాలం, ఆ రహస్యం ముందు తెలిసినవాడు పక్క పొలం అగ్గువకు కొనిపెట్టుకుంటాడు. అందరి ముందూ రెండు మూడు దారులు గీసి చర్చకు పెడితే ఆ బేరం చెడుతుంది. మాట్లాడని వాళ్లను మాట్లాడించడం చేతనయ్యే పనే. కలెక్టరేట్ హాల్లో పదకొండు గంటలకు సభ పెడితే ఎవరొస్తారో తెలిసిందే. అదే మ్యాపును హన్మకొండ బస్టాండులో, మార్కెట్ యార్డులో, ఎంజీఎం ఓపీ ముందు తెలుగు పేర్లతో పరిచి, మీ ఊరు ఎక్కడుందో చూపించి మొదలుపెడితే వేరే మాటలు వినిపిస్తాయి. కండక్టర్లను, ఆటోవాళ్లను విడిగా కూర్చోబెట్టాలి. వాళ్లకు తెలిసినన్ని సందులు ఏ కన్సల్టెంటుకూ తెలియవు.

ఇక ఎక్కువమందికి మేలైతే కొందరు నష్టపోక తప్పదనే మాట. మామునూరు విమానాశ్రయానికి అదనంగా 253 ఎకరాలు కావాల్సి వచ్చింది. జిల్లా అంతా విమానం దిగాలని కోరుకుంటోంది, నేనూ కోరుకుంటున్నాను. భూమి ఇచ్చే కొద్ది ఊళ్లను ఓట్లతో ఓడించడం చాలా తేలిక, అందుకే వాళ్లకు లెక్కతో కూడిన జవాబు చెప్పాల్సిన బాధ్యత మన మీద ఉంది. ఒక్కో అభ్యంతరం ఎదుట, ఒప్పుకున్నాం లేదా ఒప్పుకోలేదు, ఫలానా కారణం వల్ల అని తెలుగులో రాసి, సంతకం పెట్టి, పంచాయతీ గోడకు అంటించాలి. ఆ సంతకం నిర్ణయించే అధికారిదే అయి ఉండాలి.

దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 17వ సెక్షన్ ఆర్టీసీకి సలహా మండళ్లు ఏర్పాటు చేసే వీలు కల్పిస్తోంది. పాత వరంగల్ జిల్లా ఇప్పుడు ఆరు జిల్లాలైంది. కుడా పరిధి మూడు జిల్లాల్లో 181 గ్రామాలకు పాకింది. ఎంజీఎంకు వచ్చే మనిషి ప్రయాణానికి మాత్రం ఈ హద్దులేవీ తెలియవు. ఉమ్మడి వరంగల్ మొత్తానికి అలాంటి మండలి ఒకటి వేసి, ప్రయాణికులకు, కూలీలకు, విద్యార్థులకు, ఆటో యూనియన్లకు అందులో చోటిచ్చి, కుడా, మున్సిపల్ కార్పొరేషన్ అధికారులను కూడా అదే బల్ల ముందు కూర్చోబెట్టాలి. మాస్టర్ ప్లాన్‌లో కాగితం మీదున్న రోడ్లకు సర్వే రాళ్లు పాతకముందే ఆ మండలి మొదటి సమావేశం జరగాలి.