చెరువులోకి చాటుగా వచ్చే నీరు

తట్టాంచావడి పారిశ్రామికవాడ దాటి పడమరగా కొద్ది కిలోమీటర్లు పోతే ఊసుటేరి. పుదుచ్చేరి ప్రాంతంలోకెల్లా పెద్ద చెరువు. దాదాపు 800 హెక్టార్లు. సుమారు సగం పుదుచ్చేరిది, మిగతాది తమిళనాడుది. 2008లో పుదుచ్చేరి ప్రభుత్వం తన భాగాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. శంకరాభరణి నుంచి కాలువ నీరు వస్తుంది, వాన నేరుగా పడుతుంది. ఈ రెండూ కొలవవచ్చు. మరి అడుగు మట్టిలోంచి ఊరి వచ్చే నీరెంత? అదే మట్టిలోకి ఇంకిపోయేదెంత? వాటిని ఏ కొలబద్దా చూపించదు. ఇలాంటి చాటునీటి గుట్టును ఆ నీటిచేతనే చెప్పించే పనితనం ఒకటుంది. విజ్ఞానశాస్త్రంలో నాకు ఎంతో ఇష్టమైన పనితనాల్లో అదొకటి.

నీటిలోని ప్రతి 1000 ఆక్సిజన్ పరమాణువుల్లో సుమారు రెండు బరువైనవి. అదే ఆక్సిజన్-18. నీరు ఎండకు ఆవిరయ్యేటప్పుడు తేలికవి ముందు ఎగిరిపోతాయి, బరువైనవి వెనకబడతాయి. అందువల్ల ఎండలో నిలిచిన చెరువు నీటిలో బరువైనవాటి పాలు పెరుగుతుంది. వాన పడగానే నేలలోకి దిగిన నీటికి ఆ ముద్ర ఉండదు. 1961లో హార్మన్ క్రెయిగ్ ప్రపంచం నలుమూలల వాన నీళ్లనూ నదుల నీళ్లనూ చూసి, ఆక్సిజన్-18కీ బరువు హైడ్రోజన్ అయిన డ్యుటీరియంకీ ఉన్న సంబంధం ఒకే గీత మీద నిలుస్తుందని చూపించాడు. ఆ గీత వాలు 8. ఆవిరైన నీరు ఆ గీతను వదిలి, మామూలుగా 4 నుంచి 6 వాలున్న మరో గీత వెంట పక్కకు జరుగుతుంది.

తేడా ఎంత చిన్నదంటే, వెయ్యింటికి 0.1 వంతు కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే అసలు నైపుణ్యం ప్రయోగశాలలో కాదు, గట్టు మీదే మొదలవుతుంది. సీసాను ఆ నీటితోనే కడిగి, గాలి బుడగ మిగలకుండా అంచుదాకా నింపి, బిగువుగా మూత పెట్టాలి. మూత వదులైతే సీసాలోనే ఆవిరి మొదలై, చెరువులో జరగనిది జరిగినట్టు చెబుతుంది. చెరువును చదవడానికి పనికొచ్చే ఆవిరే సీసాలో పడితే సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. ఈ పనిలో ఓర్పుకు నేను మొదటి మార్కు వేస్తాను.

తర్వాత లెక్క. నీటి పద్దు ఒక్కటే రాస్తే, కింద నుంచి వచ్చేదీ కిందికి పోయేదీ రెండూ తెలియనివే, సమీకరణం మాత్రం ఒకటే. ఆక్సిజన్-18కి రెండో పద్దు రాస్తే రెండో సమీకరణం దొరుకుతుంది; వచ్చేదీ పోయేదీ విడివిడిగా తేలతాయి. నైనితాల్ సరస్సు మీద పరిశోధకులు నాచియప్పన్, భీష్మ కుమార్, మాణిక్కవేల్ ఈ దారిలో వెళ్లి 2002లో ప్రచురించారు. ఆ సరస్సుకు చేరే నీటిలో సుమారు సగం భూమిలోంచే వస్తోందని తేలింది.

అయితే పుదుచ్చేరి లాంటి తీరంలో ఇది మరింత కష్టం. చెరువు నుంచి లేచే ఆవిరిని చేత్తో పట్టి కొలవలేం. గాలిలోని తేమ, ఉష్ణోగ్రత, గాలిలోని ఆవిరిలో బరువైన ఆక్సిజన్ పాలు తీసుకుని క్రెయిగ్, గార్డన్‌లు 1965లో ఇచ్చిన సూత్రంతో ఊహించాలి. తేమ నూరు శాతానికి దగ్గరైన కొద్దీ ఆ సూత్రంలో చిన్న పొరపాటు కూడా పెద్దదవుతుంది. సముద్రపు గాలి వీచే ఊరిలో పనిచేసేవారు ఈ మాట ఎన్నడూ మరవకూడదు.

అక్కడ రాడాన్-222 ఆదుకుంటుంది. రాళ్లలో, ఇసుకలో ఉన్న రేడియం నుంచి పుట్టే వాయువు ఇది. భూగర్భ జలంలో దండిగా ఉంటుంది, చెరువు పైకి రాగానే గాలిలో కలిసిపోతుంది, మిగిలింది 3.8 రోజులకోసారి సగమవుతుంది. కాబట్టి చెరువులో ఒకచోట రాడాన్ హెచ్చుగా ఉందంటే, దగ్గర్లోనే ఊట ఉందన్నమాట. అయితే నీటిని పట్టి మరో వారం చూద్దాంలే అంటే కుదరదు, వెంటనే కొలవాలి.

మన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఈ ప్రాంతం మీద చేసిన పని ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. సుఖిజా, వర్మ, నాగభూషణం, రెడ్డి కారైక్కాల్, తంజావూరు తీరాల ఉప్పునీటిని పరిశీలించి 1996లో ప్రచురించారు. నేటి సముద్రం చొచ్చుకొచ్చిందా, పూర్వపు సముద్రం వదిలివెళ్లిందా అన్నది ప్రశ్న. రసాయన విశ్లేషణ, సేంద్రియ జీవ సంకేతాలు, రేడియోకార్బన్ వయసు, ఈ మూడు వైపుల నుంచీ ఒకే నీటిని ప్రశ్నించారు. ఒక సాక్షి మాట మీదే తీర్పు చెప్పకపోవడమే ఆ పని గొప్పతనం.

ఇది మనకెందుకంటే, పుదుచ్చేరి పట్నం తాగేది నేలలోని నీరే. తట్టాంచావడికి దగ్గర్లోని ముత్తిరైయర్‌పాళయం నీటిని 19వ శతాబ్దంలో ఫ్రెంచివారు పట్నానికి తెచ్చిన సంగతిని భారతి పార్కులోని ఆయీ మండపం గుర్తుచేస్తుంది. ఊసుటేరిని ఈ పద్ధతిలో చదవాలంటే అక్టోబరు వానలకు ముందొకసారి, డిసెంబరు దాటాక మరోసారి చెరువు నీటినీ చుట్టూ ఉన్న బోర్ల నీటినీ పట్టాలి. ఈశాన్య రుతుపవనాల వాన నైరుతి వానకన్నా బరువైన ఆక్సిజన్ తక్కువగా తెస్తుంది కనుక, బోరు నీరు ఏ వాన పుట్టింటిదో కూడా కొంతవరకు తెలుస్తుంది.