ఐదు శాతం గీత

పేకాటలో ఏ ముక్క పడుతుందో ఆటగాడి చేతిలో లేదు. ఎంత పెట్టాలి, ఎప్పుడు లేవాలి అన్న రెండే అతని చేతిలో ఉన్నవి. ఆ రెంటి కోసం పోకర్ ఆటగాళ్లు కట్టుకున్న పద్ధతినే బ్యాంక్‌రోల్ నిర్వహణ అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్ని దాటేసి ఎత్తుల వెంట పడతారు. విప్పి చూస్తే ఆటలోకెల్లా చక్కని పనితనం ఇక్కడే కనిపిస్తుంది.

తెలంగాణలో డబ్బు పెట్టి ఆన్‌లైన్ పోకర్ ఆడటం 2017 నుంచి నేరం. ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆ నిషేధాన్ని దేశమంతటికీ విస్తరించింది. కాబట్టి పోకర్ గురించి ఇక్కడ చెప్పే లెక్కలు ఉచిత చిప్స్‌తో నేర్చుకునేవాళ్లకే. ఈ పనితనం హైదరాబాదులో నిజంగా అక్కరకొచ్చే చోటు వేరే ఉంది. అది చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, నారాయణగూడ హాస్టళ్లు. అక్కడ పోటీ పరీక్షల అభ్యర్థులు బల్ల మీద పెట్టేవి మార్కులు.

ముందు ఈ పద్ధతిలోని భాగాలు చూద్దాం. మొదటిది నిల్వ, అంటే ఆటకని పూర్తిగా విడిగా ఉంచిన చిప్స్. రెండోది వాటా, అంటే అందులోంచి ఒక బల్లకు తీసుకెళ్లేవి. మూడోది గీత, అంటే ఆ వాటా దాటకూడదని ముందే రాసుకున్న హద్దు. 2000 సంవత్సరపు ప్రపంచ పోకర్ విజేత క్రిస్ ఫెర్గుసన్ ఈ మూడింటినీ కలిపి చూపించాడు. 2006లో సున్నాతో మొదలుపెట్టి, ప్రవేశ రుసుము లేని పోటీల్లో గెలిచిన చిల్లరను పెంచుకుంటూ పది వేల డాలర్లకు చేరాడు. అతని నియమాలివి: మామూలు బల్లకు నిల్వలో 5 శాతం మించి తీసుకెళ్లకూడదు. పెద్ద టోర్నమెంటుకు 2 శాతం మించకూడదు. బల్ల మీద గెలిచి పెరిగిన సొమ్ము మొత్తం నిల్వలో 10 శాతం దాటితే, తప్పనిసరి పందెమైన బ్లైండ్ తన వంతుకు రాగానే లేచిపోవాలి. కట్టాల్సింది వచ్చేదాకా కూర్చుని, ఉచితంగా వచ్చే ముక్కలు చూసి, అప్పుడు లేవాలన్నమాట. గెలుస్తున్నవాడికి కూడా హద్దు గీసిన జాగ్రత్త అది.

ఈ 5 శాతంలోని తెలివి ఏమిటంటే, దాన్ని మొదటి నిల్వ మీద కాకుండా ప్రస్తుతం మిగిలిన నిల్వ మీద లెక్కగడతారు. 2,000 చిప్స్ ఉన్నవాడు ప్రతిసారీ 500 పెడితే వరసగా నాలుగు ఓటములతో ఖాళీ. 5 శాతం గీత పాటించేవాడు మొదట 100 పెడతాడు, ఓడితే తర్వాత 95, ఆ తర్వాత 90. వరసగా పదిసార్లు ఓడినా అతని దగ్గర దాదాపు 1,200 మిగులుతాయి. ఇరవైసార్లు ఓడినా 700 పైనే. నిల్వ తగ్గేకొద్దీ పందెం దానంతటదే చిన్నదవుతుంది. ఆటగాడి గుండెనిబ్బరం మీద ఆధారపడకుండా అంకెలే అతన్ని కాపాడతాయి.

ఎంత గీసుకున్నా ఉక్రోషం రాకుండా ఉండదు. జత ఆసులు చేతిలో ఉండి, ఎదుటివాడి దగ్గర జత రాజులుంటే, వందకు సుమారు 82 సార్లు ఆసులే గెలుస్తాయి. మిగిలిన 18 సార్లు సరైన నిర్ణయానికే దెబ్బ తగులుతుంది. ఆ మంటలో ఆడే ఆటను పోకర్ ఆటగాళ్లు టిల్ట్ అంటారు. నష్టంలో ఉన్న మనిషి మామూలప్పుడు తీసుకోని సాహసం చేస్తాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలన్న మన సామెత ఉంగరానికి సరే, పేకబల్లకు ప్రమాదం. అందుకే నాలుగో భాగం, ఆపుడు నియమం. మూడు వాటాలు పోతే ఆ పూటకు చాలు. ఈ మాట ఆటకు ముందు, మనసు చల్లగా ఉన్నప్పుడే రాసిపెట్టుకోవాలి. వేడిలో పుట్టే నియమం ఎప్పుడూ ఇంకొక్క ఆట ఆడమనే చెబుతుంది.

ఇప్పుడు ఇదే యంత్రాంగాన్ని ఓఎంఆర్ షీటు మీద పెట్టి చూడండి. యూపీఎస్సీ ప్రిలిమ్స్ మొదటి పేపరులో 100 ప్రశ్నలు, 200 మార్కులు, రెండు గంటలు. సరైన జవాబుకు 2 మార్కులు, తప్పుకు అందులో మూడో వంతు కోత. నాలుగు ఆప్షన్లలో ఏదీ కొట్టేయలేక గుడ్డిగా పెట్టిన నాలుగు బిట్లలో సగటున ఒకటి సరైతే, వచ్చిన 2 మార్కులూ మిగతా మూడింటి కోతకే పోతాయి. మిగిలేది సున్నా. ఒక ఆప్షన్ కొట్టేయగలిగితే మూడు బిట్లకు సగటున 0.67 మార్కు లాభం. రెండు కొట్టేయగలిగితే రెండు బిట్లకే 1.33. తెలిసినవి మొదటి రౌండులో, రెండు ఆప్షన్లు మిగిలినవి రెండో రౌండులో, మూడు మిగిలినవి చివర్లో చేసే అలవాటు వెనక ఉన్నది ఈ లెక్కే. 2024 తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో నెగటివ్ మార్కులు లేవు, అక్కడ బిట్టు వదలడమే నష్టం. ఏ బల్ల దగ్గర కూర్చున్నామో ముందు తెలుసుకోవాలి.

టిల్ట్ ఇక్కడా ఉంది. మొదటి పది బిట్లూ కొరకరానివైతే, పోయిన మార్కులు రాబట్టాలన్న తొందరలో 30 బిట్లు గుడ్డిగా బబ్లింగ్ చేసేస్తారు. అందులో నాలుగే సరైతే 9 మార్కులకు పైగా పోతాయి. పెన్నుతో నింపిన గడి చెరగదు.

చివరి భాగం చిట్టా. మాక్ టెస్టులో ప్రతి బిట్టు పక్కన తెలుసు, రెండు మిగిలాయి, మూడు మిగిలాయి, గుడ్డిగా అని గుర్తు పెట్టి, కీతో సరిచూసుకోవాలి. తెలుసు అనుకున్నవాటిలో అయిదో వంతు తప్పుతుంటే, సరిచేయాల్సింది అదృష్టాన్ని కాదు, మన నమ్మకాన్ని. గుడ్డిగా పెట్టి తగిలిన బిట్టును గెలుపుగా రాసుకోకూడదు. బాగా ఆలోచించి తప్పిన బిట్టును ఓటమిగా రాసుకోకూడదు. నిల్వ, వాటా, గీత, ఆపుడు నియమం, చిట్టా అన్నీ కలిసి చేసే పని ఇదే. ఫలితాన్ని నిర్ణయం నుంచి విడదీసి చూపిస్తాయి.

ఈసారి మాక్ టెస్టుకు కూర్చునే ముందు ఎన్ని బిట్లు, ఏ రౌండులో, ఎక్కడ ఆపాలి అన్నది రఫ్ కాగితం మీద రాసుకోండి. డబ్బు పందేల యాప్‌ల జోలికి వెళ్లకండి. ఇప్పటికే చిక్కుకుని బయటపడలేకపోతుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.